జీపు దానంతట అది ఆగలేదు

చేవెళ్ల
3 ఫిబ్రవరి 1969

మారెమ్మ అక్కకు తమ్ముడు గిద్యోను వందనాలు.

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టడం మామూలు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నా జీపు ఆగిపోతోంది. నడిచేటప్పుడు గుర్రంలా పోతుంది. ఎక్కడైనా నిలబెట్టి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు, రెండు దగ్గులు దగ్గి చచ్చిపోతుంది. నేను మళ్లీ స్టార్టు చేసేసరికి పక్కన కూర్చున్న ఆఫీసరు గడియారం చూసుకుంటాడు.

ఈ ఆఫీసరు వచ్చి రెండు నెలలైంది. కోస్తా మనిషి. అది తప్పని నేననను. కానీ వస్తూ వస్తూ తనకు అలవాటైన డ్రైవరును వెంట తెచ్చుకున్నాడు. ప్రస్తుతం అతణ్ని గోదాం కాపలాకు పెట్టారు. నేను ఎప్పుడు దిగుతానా అని ఆఫీసు మొత్తం చూస్తోంది. నాది నాలుగేళ్లుగా టెంపరరీ ఉద్యోగమే కదా.

మొన్న దొంతన్‌పల్లి దగ్గర, జనమంతా చూస్తుండగా, బండి మూడుసార్లు ఆగింది. ఆఫీసరు కేకలు వేయలేదు. మెల్లగా అన్నాడు, "మీవాళ్లకి ఎడ్లబండి చాలయ్యా, ఇంజనెందుకు?" అని. మర్నాడు మెమో చేతికొచ్చింది. డ్రైవరుకు పని రాకపోవడం వల్లే బండి ఆగుతోందని అందులో ఉంది. ఇలాంటివి మూడైతే నన్ను తీసేయవచ్చు.

పట్నంలో పిల్లలు చదువులు వదిలి రోడ్డెక్కింది ఇలాంటి మాట పడలేకే. మన ఉద్యోగాలు మనకు కావాలని అడుగుతున్నారు. నేను వాళ్లతో పోలేదు. నా ఉద్యోగం నేను నిలబెట్టుకుంటే అదే నా పోరాటం అనుకున్నాను.

నాకు చేతనైంది చేశాను. కార్బురేటరు మీద స్లో స్క్రూ ఉంటుంది కదా, బండి నిలబడినప్పుడు ఇంజను ఎంత మెల్లగా తిరగాలో అదే చెబుతుంది. దాన్ని ఓపికగా తిప్పి, మన మోషే బావ ఆయిల్ ఇంజన్లను పెట్టినట్టు, ఇంజను కొట్టే ఒక్కొక్క దెబ్బ లెక్కపెట్టి ఎంచుకునేంత చక్కగా పెట్టాను. అంత బాగా పెట్టినా ఆగుతోంది. బావ బతికుంటే ఆయన్నే అడిగేవాణ్ని. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు మొయినాబాదులో ఎవరైనా ఉంటే అడిగి రాయి. నేనే వద్దామంటే బస్సు నడిచిన రోజు నాకు సెలవు లేదు, సెలవున్న రోజు బస్సు లేదు.

ఇట్లు
గిద్యోను


మొయినాబాదు
9 ఫిబ్రవరి

తమ్ముడు గిద్యోనుకు అక్క దీవెనలు.

మీ బావ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగావు. ఉన్నారు. ఆమె పేరు మారెమ్మ.

నవ్వకు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్లు ఇంజన్ల మధ్య ఉండి మీ బావకు చివరి నాలుగేళ్లు చెవులు పోయాయి. ఆ మాట తెలిస్తే గిరాకీ రాదని ఇద్దరం దాచాం. ఆయన స్క్రూ తిప్పేవాడు. నేను గిన్నెలు తోముతున్నట్టు పక్కన కూర్చుని వినేదాన్ని. చప్పుడు సరిగ్గా కుదరగానే చెయ్యి ఎత్తేదాన్ని. ఆయన అక్కడ ఆపేవాడు. రైతులు "మోషే చెవి అంటె చెవి" అని పొగిడి పోయేవాళ్లు. ఆయన పోయాక రెండేళ్లుగా ఈ ఇంజన్ల షెడ్డు ఎలా నడుస్తోంది అనుకున్నావు?

ఇక నీ జీపు. నీ తప్పు నీ ఉత్తరంలోనే ఉంది. దెబ్బలు ఎంచుకునేట్టు పెట్టానని రాశావు చూడు, అదే. బావి మీద ఆయిల్ ఇంజనుకు ఒకటే సిలిండరు. దాని దెబ్బ ఎంచవచ్చు. నీ జీపుకు నాలుగు. నాలుగూ కలిసి కొడుతుంటే ఎంచడానికి దొరకదు, దొరకకూడదు. దొరికిందంటే అది చావబోతోందని అర్థం. బావి ఇంజను చప్పుడు వింటూ పెరిగిన మనవాళ్లందరూ చేసే తప్పే ఇది. మనకు ఇంజను అంటే ఆ చప్పుడే. పోయిన ఏడు లారీ తోలే మాణిక్యం కూడా ఇదే చేసుకుని వచ్చాడు.

ఇంకొకటి. నువ్వు తిప్పింది ఒకటే స్క్రూ. రెండోది ఉంది. గాలి, పెట్రోలు ఎంతెంత కలవాలో అది చూస్తుంది. దాన్ని మెల్లగా చివరిదాకా బిగించు. బలం చూపకు, మొన విరుగుతుంది. మళ్లీ ఒకటిన్నర చుట్టు వదులు చెయ్యి. స్లో స్క్రూతో ఇంజనును కొంచెం వేగంగా ఉంచు. అప్పుడు రెండో స్క్రూను అటూ ఇటూ సన్నగా తిప్పు. ఎక్కువ బిగిస్తే ఇంజను తడబడుతుంది. ఎక్కువ వదిలితే కుంటుతూ నల్లపొగ వదులుతుంది. ఆ రెండింటి నడుమ ఒకచోట హాయిగా, ఒకే తీరుగా తిరుగుతుంది. అక్కడ ఆపి, స్లో స్క్రూతో వేగం తగ్గించు. చాలు.

పని రాదని రాసిన ఆ కాగితం పారేయకు. దాచిపెట్టు.

మారెమ్మ


చేవెళ్ల
2 మార్చి

అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి చిల్కూరులో ఆఫీసరు చుట్టాలను దించడానికి ఆగితే, బండి కూడా ఆగింది. ఎండలో వాళ్లు దిగి తోశారు. ఆఫీసరు బావమరిది కొత్త చెప్పులు తెగాయి. రెండో మెమో వచ్చింది.

ఒక మాట రాస్తాను, కోపం తెచ్చుకోకు. మా గుమాస్తా బాల్‌రాజ్‌కు నీ ఉత్తరం సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. "అక్కను అడుగుకుంట ఇంజన్ చేస్తున్నవా? రేపు ఆఫీసర్ మీ అవ్వను గూడ పిలిపిస్తడు" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఇంకెవరినైనా అడగాలేమో.

గిద్యోను


మొయినాబాదు
8 మార్చి

గిద్యోనుకు,

కోపం తెచ్చుకోకు అని రాసి కోపం తెప్పించడం నీకు చిన్నప్పటి నుంచి ఉన్నదే.

ఎన్ని గంటలకు పెట్టావో రాయలేదు. నేనే చెబుతాను. పొద్దున్నే, ఆఫీసరు రాకముందు, బాల్‌రాజ్ చూడకముందు, చల్లటి ఇంజను మీద పెట్టావు. అవునా? చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి. ఆ లెక్క మీద పెడితే, ఎండెక్కి ఇంజను కాగిన తర్వాత అదే పెట్రోలు గొంతుకు అడ్డం పడుతుంది. వేడెక్కాక పెట్టాలని నేను రాయలేదు, ఆ తప్పు నాది. చాటుగా చేసిన తప్పు నీది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ముందు బండిని పది మైళ్లు తోలి ఇంజనును కాగనివ్వు. మిట్టమధ్యాహ్నం, ఆఫీసు ముందర, అందరూ చూస్తుండగా బానెట్ ఎత్తు. ఎవరైనా ఎవరు నేర్పారని అడిగితే మా అక్క అని చెప్పు. చెప్పలేకపోతే ఇక నాకు ఉత్తరం రాయకు. ఆఫీసరు మనవాళ్లకు ఎడ్లబండి చాలన్నాడని నీకు మండింది. ఆడదానికి గిన్నెలు చాలని నువ్వనుకుంటే ఆయనకూ నీకూ తేడా ఏముంది?

మారెమ్మ


చేవెళ్ల
20 ఏప్రిల్

ప్రియమైన అక్కకు గిద్యోను వందనాలు.

ఈ ఉత్తరం కోసమే ఇన్ని రోజులు ఆగాను. నెల గడిచాక రాద్దామని. నెల గడిచింది. జీపు ఒక్కసారి కూడా ఆగలేదు.

నువ్వు చెప్పినట్టే మిట్టమధ్యాహ్నం, ఆఫీసు ముందర. బానెట్ ఎత్తగానే అందరూ వరండాలోకి వచ్చారు. రెండో స్క్రూ తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒకచోట చప్పుడు మారింది. అంతకుముందు నాకు తెలియని చప్పుడు. నువ్వు చెయ్యి ఎత్తావని అనుకుని అక్కడ ఆపాను.

కోస్తా డ్రైవరు గోదాం దగ్గర నుంచి నడిచి వచ్చి, వంగి, కాసేపు విన్నాడు. "బాగా పెట్టారండీ. ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా అక్క" అన్నాను. గట్టిగానే అన్నాను. బాల్‌రాజ్ నవ్వబోయి ఊరుకున్నాడు. ఆ డ్రైవరు మాత్రం నవ్వలేదు. "మా ఊళ్లో కూడా ఇలాంటి అక్క ఉంటే బాగుండును" అన్నాడు. మంచివాడక్కా. ఇన్నాళ్లూ అతన్ని ఊరికే తిట్టుకున్నాను.

ఆఫీసరు భోజనానికి పోతూ "బండి ఆపకు, అలాగే ఉంచు" అన్నాడు. తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట అయింది. జీపు అలాగే తిరుగుతోంది. మూడో మెమో రాలేదు, ఇక రాదు. పని రాదనే మాట ఆయన నోట మళ్లీ వినలేదు. నాకు ఎంత గర్వంగా ఉందో రాయలేను.

ఈ మధ్య బండికి వేరే పనులు కూడా చెబుతున్నారు. వాటి సంగతి తర్వాత.

గిద్యోను


మొయినాబాదు
14 జూన్

గిద్యోను,

మొన్న గురువారం పొద్దున పదింటికి షెడ్డులో పిస్టన్ కడుగుతున్నాను. రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చి ఒక జీపు నిలబడింది. తల ఎత్తకముందే చప్పుడు విన్నాను. ఎక్కువ లేదు, తక్కువ లేదు, వణుకు లేదు. ఎవరో పని తెలిసినవాడు పెట్టిన ఇంజను అనుకుని నవ్వుకున్నాను. తల ఎత్తితే వెనక ఖాకీ బట్టలు, ముందర నువ్వు. నువ్వు నన్ను చూశావు. చూసి స్టీరింగు వైపు తిరిగావు.

ఆ వేరే పనులు ఇవన్నమాట.

ఆ జీపు మా పక్క ఊరు హిమాయత్‌నగర్ పోయింది. కౌసల్యమ్మ వాకిట్లో పావుగంట నిలబడింది. ఇంజను ఆపలేదట. ఆ పావుగంటలో ఆమె కొడుకు హన్మంతునూ, పక్కింటి యాదయ్య కొడుకునూ అన్నం ముందు నుంచి లేపి ఎక్కించారు. ఊరివాళ్లు పొలాల నుంచి ఉరికి వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. సాయంత్రం నేను పోతే కౌసల్యమ్మ నా చేతులు పట్టుకుని అన్న మాట ఇది: "పాడు బండి, జర సేపు ఆగకపాయె అక్కా. ఆగితె ఊరంత అడ్డం పడుతుండె. గంత మంచిగ ఎవడు చేసిండో దాన్ని."

ఎవరు చేశారో నేను చెప్పలేదు. ధైర్యం చాలలేదు. నా జీవితంలో నా చెవిని చూసి నేను సిగ్గుపడింది ఆ రోజే.

నువ్వు నా దగ్గర ఒక మాట దాచావు. నేనూ దాచాను. మన ఉద్యోగాలు మనకు కావాలని తిరుగుతున్న ఆ పిల్లలు రెండు నెలలుగా నా షెడ్డులోనే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మాటలు బయటికి వినపడకుండా నేను ఒక ఆయిల్ ఇంజను నడుపుతూ కూర్చుంటాను. నువ్వు సర్కారు జీతగాడివని నీకు రాయలేదు. మంచిపని చేశాను.

గుమాస్తాలంతా సమ్మెలో కూర్చున్నారని విన్నాను. నువ్వు మాత్రం బండి తోలుతున్నావు. టెంపరరీ ఉద్యోగం, దిగితే పోతుంది, నాకు తెలుసు. అందుకే దిగమనను. ఒకటే చెబుతాను. స్లో స్క్రూ రెండు చుట్లు వెనక్కి తిప్పు. మళ్లీ ఎంచుకునేట్టు పెట్టు. ప్రతి వాకిట్లో చావనివ్వు. ఎడ్లబండి మనుషులం, మాకేం తెలుసని చెప్పు. అంతకన్నా నేను నిన్ను అడగను.

మారెమ్మ


చేవెళ్ల
26 జూన్

అక్కకు,

స్క్రూ నేను ముట్టలేదు. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదువు.

నీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం తినలేదు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తిరిగాను. కానీ తిప్పబోతే ఒకటే ఆలోచన వచ్చింది. ఇంజను ఆగిపోతే వాళ్లకు సంతోషం. చూశారా, వీళ్లకు పని రాదు అంటారు. ఆ మాట అబద్ధమని నిరూపించడానికి మనిద్దరం రెండు నెలలు కష్టపడ్డాం. నా చేత్తో ఆ మాటను నిజం చేయలేను. పైగా నేను చేసిన పాపానికి ఇంజనును అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

ఆదివారం గుడి విడిచాక సైకిలు అడిగి తీసుకుని హిమాయత్‌నగర్ పోయాను. కౌసల్యమ్మ వాకిట్లో నిలబడి, ఆ జీపు తోలింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు దిగిపోతె వాళ్లు తోలుకుంటుండెనా?" అని అడిగింది. ఆ పోలీసుల్లో ఒక్కడికీ బండి రాదు. ఆ సంగతి ఆ రోజూ నాకు తెలుసు. దిగవచ్చని మాత్రం తోచలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి జీపు ఆఫీసు ముందర పెట్టాను. పోలీసు జమేదారు, నలుగురు కానిస్టేబుళ్లు ఎక్కి కూర్చున్నారు. ఆఫీసరు వచ్చి, "మొయినాబాద్ వెళ్లాలి, తియ్యి" అన్నాడు. స్టార్టు చేశాను. ఇంజను కాగేదాకా ఆగాను. చప్పుడు సరిగ్గా కుదిరాక కిందికి దిగాను.

"సార్, బండి మంచిగ ఉన్నది. నేనే రాను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఒంట్లో బాలేదా? అలా చెప్పు, సెలవు రాసుకో" అన్నాడు. ఆ దారిన తప్పుకోమని చెప్పినట్టే ఉంది. జమేదారు కూడా "జరమని చెప్పు, అయిపోతది" అని గొణిగాడు.

"నాకు జరం లేదు సార్. బండికి రోగం లేదు. పిల్లలను పట్టుకరానీకి నేను తోలను."

ఎదురుగా సమ్మె టెంటులో పాట పాడుతున్నవాళ్లు మధ్యలో ఆపి ఇటు తిరిగారు. ఆఫీసరు గోదాం వైపు చూసి కోస్తా డ్రైవరును పిలిచాడు. అతను వచ్చాడు. జీపును చూశాడు, నన్ను చూశాడు. చేతులు కట్టుకుని, "నాకు గోదాం ఆర్డరేనండీ ఉంది. జీపు ఆర్డరు లేదండీ" అన్నాడు. అప్పట్లో నా సీటు కోసం చూస్తున్నాడని నేను తిట్టుకున్న మనిషి. ఖాళీగా ఉన్న సీటును అంత దగ్గర నుంచి చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆఫీసరు పట్నానికి ఫోను చేయించాడు. సమ్మె రోజులు, డ్రైవరు దొరకలేదు. "ఇంజన్ ఆపొద్దు, వాడే ఎక్కుతాడు" అన్నాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. పది అయింది. పదిన్నర అయింది. జనం పోగయ్యారు. ఎవరూ నినాదాలు చేయలేదు. అందరూ ఇంజను చప్పుడు వింటున్నారు. వెనక కూర్చున్న కానిస్టేబుళ్లు చెమటలు తుడుచుకుంటూ ఒక్కొక్కరే దిగి నీడకు పోయారు. దగ్గు లేదు, తడబాటు లేదు. పదకొండుకు దగ్గర పడుతుండగా ఆఫీసరు వరండా దిగి, ఎవరి మొహమూ చూడకుండా నడిచి వచ్చి, చెయ్యి లోపల పెట్టి తాళం తిప్పాడు.

జీపు దానంతట అది ఆగలేదక్కా. నేనూ ఆపలేదు. రెండు మెమోలు రాసిన చేత్తో ఆయనే ఆపుకున్నాడు.

సాయంత్రం నన్ను తీసేసినట్టు కాగితం ఇచ్చారు. మూడుసార్లు చదివాను. హుకుం వినలేదని రాశారు. పని రాదని మాత్రం రాయలేకపోయారు.

ఇప్పుడు అసలు మాట. ఆ రోజు పట్టుకురావలసినవాళ్ల జాబితా ఒకటి ఉందట, ఆ సంగతి నాకు బాల్‌రాజ్ తర్వాత చెప్పాడు. ఆరుగురున్నారు. ఆఖర్న "మొయినాబాద్ ఇంజన్ షెడ్డు మెకానిక్, పేరు తెలియదు" అని ఉందట. నీ కోసం దిగానని మాత్రం అనుకోకు. దిగినప్పుడు నాకు తెలియదు. తెలియకుండా దిగినందుకు సంతోషంగా ఉంది. కానీ వేరే బండిలో వస్తారు. నాలుగు రోజులు షెడ్డుకు తాళం వేసి అత్తగారి ఊరు పో. బతిమాలుతున్నాను.

గిద్యోను


మొయినాబాదు
4 జూలై

తమ్ముడు గిద్యోనుకు అక్క మారెమ్మ దీవెనలు.

నీ ఉత్తరం ఏడుస్తూ చదివాను. స్క్రూ తిప్పమని రాసినందుకు సిగ్గుపడ్డాను. కోపంలో నేను కూడా ఆ ఆఫీసరు మాటే మాట్లాడాను. నువ్వు నాకన్నా పెద్దవాడివయ్యావు.

అత్తగారి ఊరు పోలేదు. కోతల్లేని కాలమైనా నారుమళ్ల కాలం, నాలుగు ఇంజన్లు విప్పి ఉన్నాయి. వాటిని వదిలి ఎక్కడికి పోను? జాబితాలోని మిగిలిన ఐదుగురికి మాత్రం నీ ఉత్తరం అందిన రోజే కబురు పంపాను. నువ్వు దిగడం వల్ల దొరికిన ఆ గడువు వాళ్లకు చాలింది. ఎవరూ దొరకలేదు.

సోమవారం పట్నం నుంచి వ్యాను వచ్చింది. ఇద్దరు పోలీసులు షెడ్డులోకి వచ్చి మెకానిక్ ఎక్కడ అని అడిగారు. "నేనే" అన్నాను. ఒకడు నా చీర చూశాడు, ఇంకొకడు నా చేతుల మసి చూశాడు. "మీ ఆయన ఏడికి పోయిండు?" అన్నారు. "చర్చి ఎనుక సమాధిల ఉన్నడు" అన్నాను. "మరి ఇంజన్లు ఎవరు చేస్తరు?" అన్నారు. "నేనే అని చెప్తున్న గద" అన్నాను. నవ్వుకున్నారు. ఎవరినో దాస్తున్నాననుకుని గడ్డివాములో కర్రలతో పొడిచి చూశారు, అటక మీద చూశారు. మగమనిషి ఎక్కడా దొరక్క పోయారు. పోతూ పోతూ వాళ్ల వ్యాను రెండుసార్లు ఆగింది. మందు తెలిసినా చెప్పలేదు.

వాళ్లు పోయాక నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. తప్పించుకున్నానని ఊళ్లోవాళ్లు అంటున్నారు. నేను తప్పించుకోలేదు. రెండుసార్లు నేనే అని చెప్పాను.

నిన్న హిమాయత్‌నగర్ పోయి కౌసల్యమ్మకు అంతా చెప్పాను, ఆ ఇంజనుకు మందు చెప్పింది నేనేనని కూడా. లేచి వాకిట్లోకి పోయి నిలబడింది. తర్వాత, "మీ తమ్ముడు దిగిండట గద" అన్నది. హన్మంతు ఇంకా జైల్లోనే ఉన్నాడు. ములాఖత్‌కు పోవడానికి ఆమెకు తోడు కావాలి. వచ్చే శనివారం నేను పోతున్నాను. నువ్వూ రావాలి. వాడి ముందర నిలబడి ఆమెకు చెప్పినట్టే చెప్పాలి.

పని గురించి ఫికర్ పెట్టుకోకు. ఇవాళ పొద్దున రంగులవాణ్ని పిలిచి షెడ్డు మీద బోర్డు రాయించాను. ఇన్నేళ్లలో బోర్డు లేదు మనకు. ఈసారి వచ్చేవాళ్లకు పేరు తెలియదనే ఇబ్బంది ఉండకూడదు. రోడ్డు మీద పోయేవాడికి బస్సులోంచి కనపడేంత పెద్ద అక్షరాలు. "మారెమ్మ, గిద్యోను. అన్ని రకాల ఇంజన్లు."

నిన్ను అడగలేదు. రంగు ఇంకా ఆరలేదు, వచ్చేటప్పుడు చూసుకుని రా.

మారెమ్మ